అక్కయ్య పోగు

ఏరంటే మాకు కృష్ణే. తొలకరికి కొత్తనీళ్ళు వచ్చినప్పుడు ఒకసారి, చలికాలం చివర నీళ్ళు తేటపడ్డాక మరికొన్నిసార్లు, మేం నలుగురం గాలాలు తీసుకుని చేపలకు పోతాం. నరసరావుపేటలో వెలుగు రాకముందే బయలుదేరి, పిడుగురాళ్ళలో టీ తాగి, గురజాల దాటి మిరప చేల మధ్య మట్టిబాటలోకి దిగితే, ఆ బాట చివర నాపరాళ్ళ ఒడ్డు వస్తుంది. అవతలి ఒడ్డు తెలంగాణ. అక్కడ గేదెల్ని కడిగేవాళ్ళ మాటలు నీళ్ళ మీదుగా మాకు వినపడతాయి. మావి వాళ్ళకూ వినపడతాయి కాబట్టి మావాళ్ళు కొంచెం చూసుకుని తిట్టుకుంటారు.

నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. మాతో వచ్చే రైతుది గురజాల దగ్గరి పల్లె, ఒడ్డు దగ్గరే మాతో కలుస్తాడు. మిరప, పత్తి వేస్తాడు. మేం కూర్చునే ఒడ్డు అతని చేనుకు ఆనుకునే ఉంటుంది. మూడో అతను ఆర్టీసీలో మాచర్ల బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు మా కారు అతనే నడుపుతాడు, ఇంకొకరిని స్టీరింగు ముట్టుకోనివ్వడు. నాలుగో అతనికి పేటలో కిరాణా కొట్టు ఉంది. వాళ్ళింట్లో తరాలుగా ఎవరూ నీచు ముట్టరు. అతనూ ముట్టడు. అయినా ఒక్క ప్రయాణమూ మానలేదు.

ఎందుకొస్తావని మొదట్లో అడిగేవాళ్ళం. "కొట్లో కూచుంటే పొద్దస్తమానం జనం మాట్లాడతానే ఉంటారు బావా. మీరైతే నీళ్ళ మీద బెండు వంక చూస్తా నోరు మూసుకుంటారు," అన్నాడు. గాలానికి వేసే పిండి ఎర అతనే కలుపుకొచ్చేవాడు. కొట్లోని వేరుశనగ చెక్క, తవుడు, కొంచెం పుట్నాల పొడి. వాలుగ చేప కోసం డ్రైవరు కోడి పేగులు తెచ్చేవాడు. ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా మా కిరాణా మిత్రుడు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని లేచి రెండో పక్కకు పోయి కూర్చునేవాడు.

చేపలు పంచుకోవడానికి మాకొక పద్ధతి ఉంది. మా వైపు పల్లెల్లో మాంసం పోగులకు పాటించే పద్ధతే. పడిన చేపల్ని, పెద్దవైతే ముక్కలు కోసి, యూరియా సంచి పరిచి దాని మీద సమానంగా పోగులు వేస్తారు. ఒక మనిషి పోగులకు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకరు ఒక్కో పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరికి?" అంటారు. వెనక్కి తిరిగినవాడు ఎవరి పేరు చెబితే ఆ పోగు వాళ్ళది. చూడకుండా చెబుతాడు కాబట్టి ఎవరికీ పక్షపాతం ఉండదు. మాలో ఆ పని ఎప్పుడూ కిరాణా మిత్రుడిదే. చేప తినని మనిషి, ఏ పోగు ఎవరికి పోయినా అతనికి ఒకటే.

అయితే అతను మా పేర్లు పిలిచేవాడు కాదు. పట్టేది మీరైనా వండేది వాళ్ళు, కాబట్టి పోగు వాళ్ళదే అనేవాడు. రైతు భార్య అతనికి వదిన. డ్రైవరు భార్య చెల్లెమ్మ. నా భార్య అక్కయ్య. అలా మా చేపలన్నీ ఇన్నేళ్ళూ వదినకు, చెల్లెమ్మకు, అక్కయ్యకు పోయాయి. ఒకసారి పెద్ద వాలుగ పడింది. దాని తలకాయ మీద రైతు పొద్దుటి నుంచీ మనసు పెట్టుకుని ఉన్నాడు. తల ఉన్న పోగు మీద డ్రైవరు చెయ్యి పెట్టగానే "అక్కయ్యకి" అని వినపడింది.

"ఇదన్యాయం. మళ్ళీ పిలవాల," అన్నాడు రైతు.

"పిలిచింది పిలిచినట్టే. తలకాయలో ఏముందయ్యా అంత," అన్నాడు కిరాణా మిత్రుడు, ఇంకా వెనక్కి తిరిగే.

"తినేవాడికి తెలుస్తది. నీకేం తెలుసు, పప్పుచారు మనిషివి."

నేను కూడా ఆ రోజు పిలిచింది పిలిచినట్టేనని గట్టిగా వాదించాను. తల మా ఇంటికే వచ్చింది.

నా భార్యది ఏటి ఒడ్డు ఊరే. చిన్నప్పటి నుంచీ చేప తిని పెరిగిన మనిషి. నేను సంచి తెచ్చి పెరట్లో పెట్టగానే చెంపలు ఎత్తి మొప్పలు చూసేది. ఎరుపు తగ్గితే "ఏవండీ, ఇది పట్టారా, కొన్నారా?" అని అడిగేది. బూడిద రాసి, గరుకు బండ మీద రుద్ది, కడిగిన నీళ్ళు తెల్లగా వచ్చేదాకా వదిలేది కాదు. మామిడికాయ దొరికే రోజుల్లో చింతపండు తగ్గించి మామిడికాయ వేసేది. చేపలకు వేరే మట్టి దాక ఉండేది. పులుసు ఆ రోజు తిననిచ్చేది కాదు, మర్నాడే బాగుంటుందని. నేను మాత్రం ఆ రాత్రే ఒక ముక్క తినేవాణ్ణి. ఆమెకు తెలుసు. ఒక ముక్క ఎక్కువే వేసేది.

మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్ళం.

పోయిన ఏడాది వేసవిలో ఆమె జ్వరమని పడుకుంది. తర్వాత గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఎక్కువ రోజులు ఉండలేదు. ఆ రోజుల గురించి రాయడం నాకు రాదు. రాయాలని కూడా లేదు. ముగ్గురు స్నేహితులు చేసినవి మాత్రం చెప్పాలి. డ్రైవరు ఆసుపత్రి వరండాలో కుర్చీలోనే నిద్రపోయాడు, ఇంటికి పొమ్మన్నా పోలేదు. రైతు మిరపకాయలు కళ్ళంలో ఉండగా వదిలేసి వచ్చాడు. కిరాణా మిత్రుడు పెద్దకర్మ అయ్యేదాకా మా ఇంటికి కావలసిన సరుకులు నన్ను అడక్కుండానే పంపాడు. నేనే వాళ్ళతో సరిగా మాట్లాడలేదు. వాళ్ళు దాన్ని పట్టించుకోలేదు.

పెద్దకర్మ తర్వాత ఇల్లు ఖాళీ అయింది. వంటగది తలుపు దగ్గరికి వేసి ఉంచాను. మెస్సు నుంచి రెండుపూటలా క్యారియరు వచ్చేది. ముందుగదిలోనే తిని, కడిగి, గడప దగ్గర పెట్టేవాణ్ణి. మంచినీళ్ళ క్యాను కూడా ముందుగదిలోకే తెచ్చుకున్నాను. చావు గురించి, మిగిలిపోయినవాళ్ళ గురించి చాలా పుస్తకాలు చదివిన మనిషిని. ఎవరైనా అడిగితే మంచివి ఏవో చెప్పగలిగేవాణ్ణి. స్టవ్వు వెలిగించడం మాత్రం నావల్ల కాలేదు. ఇక ఆ గది అవసరం లేదని, ఇల్లు అమ్మేసి ఎక్కడైనా ఒక గది అద్దెకు తీసుకుంటే సరిపోతుందని నిర్ణయించుకున్నాను. ఒక మధ్యవర్తితో మాట్లాడాను కూడా.

తొలకరి పడ్డాక రైతు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఏటికి కొత్తనీళ్ళొచ్చినయ్. వాలుగ ఎదురెక్కుతంది. రేపు వస్తన్నారా?"

వస్తానన్నాను. చేపల కోసం కాదు. నా గాలాలు, దారపు కండెలు, బెండ్లు, కొక్కేల డబ్బా అన్నీ ఒక సంచిలో పెట్టుకున్నాను. డ్రైవరుకు ఇచ్చేసి, ఇక రానని ఒడ్డునే చెప్పేయాలనుకున్నాను. ఫోన్‌లో చెబితే ఇంటికొచ్చి కూర్చుంటారు.

మర్నాడు వెలుగు రాకముందే బయలుదేరాం. పిడుగురాళ్ళలో టీ కొట్టు మనిషి "ఏంది, చానా రోజులకి కనపడ్డారు," అన్నాడు. "ఎండలు గదా," అన్నాడు డ్రైవరు. అతను ఆ మాట అన్నందుకు నాకు మంచిగా అనిపించింది. జరిగింది టీ కొట్టు దగ్గర మళ్ళీ చెప్పుకోవలసిన పని తప్పింది.

ఏటిలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాన వెలిసి మబ్బు పట్టి ఉంది. అలాంటి పూట వాలుగ ఒడ్డుకు దగ్గరగా వస్తుంది. రైతు, డ్రైవరు రాళ్ళ మీద చెరో చోట కూర్చున్నారు. నేను కూడా ఆఖరిసారి కదా అని ఒక గాలం వేశాను. బెండు మునిగినా చూసుకోలేదు. ఎర తిని పోయింది.

"అన్నా, లాగవేంది?" అన్నాడు డ్రైవరు.

"చూడలేదు."

"అయితే అదీ నిన్ను చూడలేదు. ఇంకో ఎర వెయ్యి."

కాసేపటికి డ్రైవరు గాలానికి వాలుగ తగిలింది. ఒక్కసారిగా లాగితే దారం తెగుతుంది. అతను లేచి నిలబడి, కొంచెం వదులుతూ, కొంచెం లాగుతూ, ఒడ్డు వెంట నడిచాడు. రైతు చెప్పులు విడిచి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు.

"వదులు, వదులు. బస్సు బ్రేకనుకున్నావా, అట్టా తొక్కుతన్నావ్," అని కేకేశాడు.

"నువ్వు చెంపలు పట్టుకో ముందు. పోయినసారి తోక పట్టుకుని వదిలేశావ్."

అవతలి ఒడ్డు నుంచి ఎవరో "పడ్డదా, ఎంతుంటదే?" అని అరిచారు. "మీకు కనపడేటంత," అని రైతు తిరిగి అరిచాడు. చెంపల్లో వేళ్ళు దూర్చి దాన్ని ఒడ్డుకు ఈడ్చాడు. నిజంగానే పెద్దది. పొడుగాటి మీసాలు, నున్నటి ఒళ్ళు. పిండి ఎరకు మరికొన్ని జెల్లలు, ఒక బొచ్చె పడ్డాయి. నాకు ఏమీ పడలేదు.

కిరాణా మిత్రుడు కారు దగ్గర ప్లాస్కు విప్పుతున్నాడు. అప్పుడు నా సంచి డ్రైవరు పక్కన పెట్టాను.

"ఇవి నువ్వుంచుకో."

అతను సంచిలోకి చూశాడు. "నాకున్నయ్యిగా అన్నా."

"నాకిక అక్కర్లేదు."

"ఏం, ఏట్లో చేపలైపోయినయ్యా?" అన్నాడు రైతు కత్తి కడుగుతూ.

"తీసుకుపోయినా వండేవాళ్ళు లేరు. ఇవాళ కూడా నాకు పోగు వెయ్యొద్దు. మీ రెండిళ్ళకే వేసుకోండి."

డ్రైవరు సంచి మూతి ముడివేసి, కారు డిక్కీలో పెట్టి వచ్చాడు. ఇల్లు అమ్ముదామనుకుంటున్న సంగతి కూడా చెప్పాను. "మీ ఇష్టం మాస్టారూ," అన్నాడు రైతు. చేప కోయడం మొదలుపెట్టాడు. యూరియా సంచి మీద రెండు పోగులు పడ్డాయి. నేను అడిగినట్టే రెండు. అంత తేలిగ్గా ఒప్పుకుంటారని అనుకోలేదు. ఒప్పుకున్నాక మనసు కొంచెం చిన్నబోయింది.

కిరాణా మిత్రుడు కాఫీ గ్లాసులు తెచ్చి రాయి మీద పెట్టాడు. ఎప్పటిలాగే చేపల వైపు చూడకుండా, ఏటికి ఎదురుగా, పోగులకు వీపు తిప్పి నిలబడ్డాడు. డ్రైవరు తల ఉన్న పోగు మీద చెయ్యి పెట్టాడు.

"ఇదెవరికి?"

"అక్కయ్యకి," అన్నాడతను.

ఇన్నేళ్ళుగా అన్నట్టే అన్నాడు, అదే గొంతుతో. అతని వీపు నాకు కనపడుతోంది. తాను ఏమన్నాడో అతనికి ఒక క్షణం తర్వాత తెలిసినట్టుంది. భుజాలు కొంచెం దిగాయి. కానీ పోగులన్నీ అయ్యేదాకా వెనక్కి చూడకూడదు. చూడలేదు.

"మరి ఇది?" అన్నాడు డ్రైవరు నెమ్మదిగా.

"వదినకి."

ఇంకో ప్రశ్న రాలేదు. అతను కాసేపు ఎదురుచూశాడు. "చెల్లెమ్మది అడగవేంది?"

"రెండే వేశాం," అన్నాడు డ్రైవరు.

అప్పుడు తిరిగాడు. పోగుల వంక చూశాడు, నా వంక చూశాడు. "బావా, నోరు అలవాటు..." అన్నాడు.

"ఫర్వాలేదు. అది వీళ్ళు తీసుకుంటారులే," అన్నాను.

"ఎట్టా తీసుకుంటాం?" అన్నాడు రైతు. "పిలిచింది పిలిచినట్టే మాస్టారూ. ఆనాడు నా తలకాయ పోయినప్పుడు ఈ మాట గట్టిగా అన్నది ఎవరు? మీరు కాదూ?"

"అప్పటి సంగతి వేరు."

"నాకేం వేరుగా లేదు. అప్పుడూ తల పోయింది, ఇప్పుడూ పోయింది."

"మరి మా ఇంటికి?" అన్నాడు డ్రైవరు.

"మా పోగులో సగం తీసుకో. నువ్వు పట్టిన చేప నీకు లేకుండా పోయిందంటే ఊళ్ళో నవ్వుతారు."

డ్రైవరు నవ్వాడు. నేను వద్దని ఇంకోసారి అనగలిగేవాణ్ణి. నిజానికి నోటిదాకా వచ్చింది. కానీ ఆమె పోయిన తర్వాత ఎవరూ ఆమెను అక్కయ్య అనలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు పాపం ఆవిడ అన్నారు, మహాతల్లి అన్నారు. నా ముందు కొందరు ఏమీ అనకుండా జాగ్రత్తపడ్డారు. వాళ్ళెవరిదీ తప్పు కాదు. ఆ ఒడ్డున మాత్రం ఆమె మునుపటిలా ఒక పోగు అందవలసిన మనిషి. దాన్ని కాదనడానికి నాకు మనసు రాలేదు. ఆ పోగు సంచిలోకి ఎత్తుకున్నాను.

తిరుగు దారిలో కిరాణా మిత్రుడు నా పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. పిడుగురాళ్ళ దాటాక "కోపమొచ్చిందా బావా?" అని అడిగాడు. రాలేదని చెప్పాను. అది నిజం.

ఇంటికి వచ్చాక సంచి పెరట్లో పెట్టి కాసేపు దాని ముందు నిలబడ్డాను. పక్కింటివాళ్ళకు ఇచ్చేయొచ్చు. ఇంతలో డ్రైవరు భార్య ఫోన్ చేసింది. అతను ఇల్లు చేరగానే అంతా చెప్పినట్టున్నాడు.

"అన్నయ్యా, ముక్కలు కడిగారా?"

"లేదమ్మా."

"కళ్ళుప్పూ పసుపూ వేసి రుద్దండి. వాలుగ జిగటగా ఉంటది, ఊరికే నీళ్ళు పోస్తే పోదు. ఫోన్ పెట్టేయొద్దు, స్పీకర్లో పెట్టి పక్కన పెట్టుకోండి. చింతపండు నానేశారా?"

చింతపండు కోసం వంటగది తలుపు తీశాను. గదిలో మూసి ఉంచిన వాసన తప్ప ఏమీ లేదు. నేను ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డానో తెలియలేదు. సీసాలన్నీ ఆమె పెట్టిన వరుసలోనే ఉన్నాయి. కారం ఏదో, ధనియాల పొడి ఏదో మూత తీసి వాసన చూస్తే గాని నాకు తెలియలేదు. చేపల దాక పై అరలో బోర్లించి ఉంది. దించి కడిగాను.

"ఇప్పుడు ముక్కలు వేశాక గరిటె పెట్టొద్దన్నయ్యా. గుడ్డతో దాక అంచులు పట్టుకుని తిప్పండి. అదిగో, గరిటె చప్పుడైంది. తీసేయండి."

తీసేశాను. అవతల నుంచి డ్రైవరు "మాస్టర్లకే పాఠం చెప్తన్నావా?" అనడం, ఆమె "నువ్వు నోరు మూసుకో, నీకు గుడ్డు ఉడకెయ్యడం రాదు," అనడం వినపడ్డాయి. నేను స్టవ్వు దగ్గర నిలబడి నవ్వాను. ఆ గదిలో నవ్వు బయటికి వచ్చాక గాని, నవ్వానని తెలియలేదు.

పులుసు బాగా పుల్లగా అయింది. కారం చాలలేదు. రెండు ముక్కలు విరిగిపోయాయి. ఆ రాత్రే తిన్నాను, ఒక ముక్క కాదు, మూడు. మర్నాటికి కొంచెం మిగిలింది. మర్నాడు నిజంగానే బాగుంది. మధ్యాహ్నం మధ్యవర్తికి ఫోన్ చేసి, ఇల్లు ఇప్పుడప్పుడే అమ్మనని చెప్పాను. క్యారియరు మొదట ఒక పూట, తర్వాత రెండు పూటలా మాన్పించాను. నా గాలాల సంచి కారు డిక్కీలోంచి తిరిగి తీసుకుని, ఏటికి మళ్ళీ పోతూనే ఉన్నాను. పోగులు మూడు పడుతున్నాయి. పిలుపు మార్చమని నేను చెప్పలేదు, మార్చాలా అని వాళ్ళు అడగలేదు.

చలికాలం చివర ఒకసారి పోయినప్పుడు ఒక్క చేపా పడలేదు. నీళ్ళు కదలడం లేదు. మధ్యాహ్నందాకా చూసి లేచాం. రైతుకు పేటలో పనుండి అతనూ మా కారెక్కాడు. ఖాళీ సంచులతో పేటలోకి వచ్చేసరికి అందరికీ ఆకలిగా ఉంది. హోటల్ ముందు డ్రైవరు కారు ఆపబోయాడు.

"మా ఇంటికి పోనీ. అన్నం వండుతా," అన్నాను.

ముగ్గురూ నా వంక చూశారు. "అన్నంలోకి ఏందంట?" అన్నాడు రైతు.

"పప్పుచారు. వంకాయ వేపుడు. చేప లేదు కాబట్టి ఈయన కూడా తింటాడు."

కిరాణా మిత్రుడు ఇన్నేళ్ళలో మా ఇంట్లో కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు.

"ఏ గిన్నెల్లో వండుతావ్ బావా?"

"ఉన్నవే. తోమినవే. చేపల దాక మాత్రం పైనుంది."

"అది దించకు," అన్నాడు.

వాళ్ళు ముందుగదిలో కూర్చున్నారు. రైతు వంకాయలు తరిగాడు, ముక్కలు మరీ పెద్దవిగా. డ్రైవరు టీవీ పెట్టుకున్నాడు. పప్పుచారు పోపు పెట్టి, అందరికీ వడ్డించి, నేనూ కూర్చున్నాను. కిరాణా మిత్రుడు మొదటి ముద్ద నెమ్మదిగా తిన్నాడు. మేం ముగ్గురం అతని నోటి వంకే చూస్తున్నాం.

"ఇంగువ యాడ కొన్నావ్ బావా?"

"నీ కొట్లోనే."

"మరి అంత పొదుపు దేనికి? నేనేమన్నా ఎక్కువ తీసుకున్నానా?"

"పెట్టింది తినవయ్యా," అన్నాడు రైతు. "ఇంకొకరైతే నీకు ఇదీ పెట్టరు."

"తింటన్నాగా. ఇంకొంచెం అన్నం వెయ్యమను."

గిన్నెలో చూస్తే అడుగున నాలుగు మెతుకులున్నాయి. నలుగురికి ఎంత బియ్యం పోయాలో నాకు ఇంకా కుదరలేదు. లేచి వంటగదిలోకి పోయి మళ్ళీ ఎసరు పెట్టాను.